అన్నీ వున్నా ఏడుపెందుకు?

ప్రశ్న: నాకు 27 సంవత్సరాలు. రెండవ కాన్పయి నాలుగు నెలలయింది. ఇటీవల మా ఆడపడుచు 'ది అవర్స్' అనే ఇంగ్లీషు సినిమా చూపించింది. అది అయ్యాక ఇంట్లో ఒకటే వాదన. గొప్ప సినిమా అని ఆవిడ. తిన్నదరక్క ఏడ్చే ఆడవాళ్ళ కథ, దీనికి అవార్డొకటా అని మావారు. పిల్లవాణ్ణి వదిలిపోయిన ఆ తల్లిని అత్తయ్యగారు తిట్టిపోశారు. నేను మాత్రం నోరు విప్పలేదు. కేకు చేసే ఆ ఇల్లాలిని చూస్తే నన్ను నేను చూసుకున్నట్లే వుంది. కాన్పయిన నెలనుంచీ తెల్లవారుతోందంటే నాకు భయం. బాబు నిద్రపోయినా నాకు నిద్ర పట్టదు. వాణ్ణి ఎత్తుకున్నా ముద్దు రావడం లేదు. ఒక్కోసారి నేను లేకపోతేనే వీళ్ళకి బాగుంటుందనిపిస్తోంది. మావారు మంచివారు, ఏ లోటూ లేదు. ఇలాంటి సినిమాలు చూడటంవల్ల పిచ్చి పడుతుందా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: సినిమా చూడటంవల్ల ఎవరికీ పిచ్చి పట్టదు. సినిమా ఇటీవల చూశారు. తెల్లవారుతోందంటే భయం మాత్రం కాన్పయిన నెలనుంచీ వుందని మీరే రాశారు. అంటే బాధ ముందునుంచీ వుంది, సినిమా దానికి అద్దం పట్టింది, అంతే. మీకున్నది పిచ్చి కాదు. మీరు రాసిన లక్షణాలన్నీ కాన్పు తరువాత వచ్చే డిప్రెషన్‌ని చూపిస్తున్నాయి. అయితే 'నేను లేకపోతేనే బాగుంటుంది' అన్న మాట వుందే, అది నాకు రాసి వూరుకునే మాట కాదు. ఈరోజే మీవారికి చెప్పండి. నోట చెప్పలేకపోతే ఈ పేజీ ఆయన చేతికివ్వండి.

ఇక సినిమా సంగతి. 2002లో విడుదలైన నాటినుంచీ దానిమీద మీ ఇంట్లోలాంటి తగవే నడుస్తోంది. తొమ్మిది ఆస్కార్లకు పోటీపడి, నికోల్ కిడ్‌మన్‌కు ఉత్తమ నటి బహుమతి తెచ్చింది. మెచ్చుకున్నవారు ఎంతమందో, 'రెండు గంటలసేపు ఏడుపేనా' అని విసుక్కున్నవారూ అంతమంది. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ అభిమానులకు మరో కోపం: నలుగురిలో నవ్వుతూ, చమత్కారంగా మాట్లాడే మనిషిని ఎప్పుడూ దిగులు ముఖంతోనే చూపించారని. ఆ మాట న్యాయమే. ఈ వ్యాధి వున్నవారు రోజంతా ఏడుస్తూ కూర్చుంటారనుకోవడం పొరపాటు. నవ్వుతారు, వండుతారు, చుట్టాలను పలకరిస్తారు. అందుకే ఇంట్లోవారికి తెలియదు.

వైద్యుడిగా నాకు సినిమాలో పట్టించుకోదగ్గవి తేదీలు. వుల్ఫ్ కథ 1923లో, ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో జరుగుతుంది. పదమూడో ఏట తల్లి పోయిన దగ్గరనుంచీ ఆవిడకు ఈ జబ్బు తిరగబెడుతూ వచ్చింది. అప్పటి డాక్టర్లకు తెలిసిన వైద్యం ఒకటే: పాలు బాగా తాగు, పడుకో, చదువూ రాతా మానెయ్. రాయడమే ప్రాణమైన మనిషికి అది వైద్యమో శిక్షో మీరే చెప్పండి. భర్త లెనార్డ్ నయం. ఆవిడ చేతికీ మనసుకీ పని వుండాలని అచ్చు యంత్రం కొని 1917లో ఇంట్లోనే ప్రెస్సు పెట్టాడు. అయినా 1941లో ఆవిడను జబ్బే గెలిచింది. లిథియం ఇలాంటి జబ్బుకు పనికొస్తుందని ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ కనిపెట్టింది 1949లో!

మీరు పోల్చుకున్న లారా కథ 1951 నాటి లాస్ ఏంజిల్స్‌లోది. యుద్ధంనుంచి తిరిగొచ్చిన మంచి భర్త, సొంత ఇల్లు, కారు, ముద్దులొలికే కొడుకు, కడుపులో మరో బిడ్డ. అయినా భర్త పుట్టినరోజుకు కేకు చేయడమే ఆవిడకు కొండ ఎత్తినట్లవుతుంది. మీవారి ప్రశ్న ఇక్కడే: ఏం తక్కువని? ఎదురింటాయనకు షుగరొస్తే 'నీకేం తక్కువని వచ్చింది' అని అడగం కదా! డిప్రెషన్ కూడా లోటు వున్న ఇంటికే రావాలనే నియమం లేదు. భర్త మంచివాడు కావడం రోగికి పెద్ద బలం, కాని అదే మందు కాదు. పైగా 'ఇంత మంచివారు, నేనే ఇలా వున్నాను' అని రోగి ఇంకా కుంగిపోతుంది. మీ ఉత్తరంలో ఆ ధ్వని వినబడుతోంది.

మీ అత్తగారి కోపం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. లారా తరువాత పిల్లల్ని వదిలి వెళ్ళిపోతుంది. అక్కడ వుంటే చావే, అందుకే బతుకును ఎంచుకున్నానంటుంది. ఆ కొడుకు జన్మంతా ఆ గాయం మోస్తాడు. సినిమా ఆవిడకు రెండే దారులు చూపించింది. 1951లో బహుశా అంతే వుండేవేమో, డిప్రెషన్‌కు మొదటి మందు బిళ్ళలు వెలుగులోకి వచ్చిందే 1957 ప్రాంతంలో. మీకు ఆ రెండు దారులే కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో బాలింతల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి మానసిక బాధ, ముఖ్యంగా డిప్రెషన్, వస్తుంది. కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఏడుపొచ్చి, రెండు వారాల్లో సర్దుకుపోతే అది వేరు, దానికి మందక్కరలేదు. మీది నెలలు దాటింది. ముందు రక్తహీనతకూ, థైరాయిడ్‌కూ పరీక్ష చేయించుకోండి. కాన్పు తరువాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి నీరసం, దిగులు వుంటాయి. ఆ ఫలితాలకోసం ఆగకుండా ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ణి చూడండి. బాబుకు పాలిస్తున్నట్లయితే ఆ మాట తప్పక చెప్పండి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి, సెర్ట్రలిన్ అలాంటిదే. అంతమాత్రాన షాపులో అడిగి కొనుక్కోవద్దు. మందు గుణం కనబడటానికి రెండునుంచి నాలుగు వారాలు పడుతుంది. 'పది రోజులు వేసుకున్నా, ఏం లాభం' అని మానేసేవాళ్ళే ఎక్కువ. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి.

మీవారికి ఒక మాట. రాత్రి ఒకసారి బాబును మీరు చూసుకుని, ఆవిడను వరుసగా నాలుగైదు గంటలు పడుకోనివ్వండి. ఆ తలపు మళ్ళీ వచ్చిందంటే ఒంటరిగా వదలకండి. వేళ ఏదైనా సరే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది. డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆవిడ తనకు గాని, బిడ్డకు గాని హాని చేస్తానన్నా, లేనివి వినబడుతున్నాయన్నా ఫోనుతో సరిపెట్టక వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

పరీక్షల ఫలితాలు వచ్చాక, మందు ఏ తేదీన మొదలుపెట్టారో కూడా చెప్తూ మళ్ళీ రాయండి.