నెట్రిన్ బూటకం కాదు, అలాగని పాత కథా కాదు

జంషెడ్‌పూర్‌లో ఎవరినైనా దారి అడిగితే ముందు వినిపించే మాట సాక్చి గోల్‌చక్కర్. అక్కడిదాకా వెళ్ళి ఎటో ఒకవైపు మళ్ళాలి. ఊరికి కొత్తవాళ్ళు ఏ రోడ్డులోకి దిగాలో తేల్చుకోలేక అదే చుట్టు మళ్ళీ తిరగడం మామూలే. 1993లో అమెరికాలో కోరీ గుడ్‌మన్ బృందం పండు ఈగల పిండాల్లో ఇలాంటి దృశ్యమే చూసింది. ఒక జన్యువు చెడిపోయిన ఈగల్లో ఆక్సాన్లు, అంటే నాడీకణాల నుంచి సాగే పొడవాటి తీగలు, శరీరపు మధ్యరేఖను ఒకసారి దాటి ఊరుకోవడం లేదు. అటు దాటి, మళ్ళీ ఇటు దాటి, గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆ జన్యువుకు ‘రౌండ్‌అబౌట్’ అని పేరు పెట్టారు. పొట్టిగా రోబో. మన గోల్‌చక్కరే!

ఈ పోలికను రెండేళ్ళ కిందట ఇక్కడి తెలుగు పిల్లలకు చెప్పాను. దాంతోపాటు నెట్రిన్ కథ కూడా చెప్పాను. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు డిగ్రీలో జీవశాస్త్రం చదువుతోంది. మొన్న మెసేజ్ పెట్టింది: “అక్కా, మీరు చెప్పిన నెట్రిన్ అంతా బూటకమట కదా? కనిపెట్టినాయన పదవి కూడా పోయిందట!”

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ అమ్మాయి అనుకుంటున్న చోట కాకపోయినా, నేను చెప్పిన కథలో నిజంగానే ఒక తప్పుంది.

పిండంలో వెన్నుపాము తయారవుతున్నప్పుడు వీపు వైపు పుట్టిన కొన్ని నాడీకణాలు తమ ఆక్సాన్లను పొట్ట వైపు పంపాలి. అక్కడ మధ్యరేఖ మీద ‘ఫ్లోర్ ప్లేట్’ అనే కణాల వరుస ఉంటుంది. దాన్ని దాటి ఆక్సాన్ అవతలి పక్కకు చేరాలి. కుడిచేతికి వేడి తగిలితే ఆ కబురు మెదడులో ఎడమ భాగానికి చేరేది ఇలాంటి దాటింపుల వల్లే. ఆక్సాన్ కొసన చేతివేళ్ళలా తడుముకుంటూ ముందుకు సాగే భాగాన్ని గ్రోత్ కోన్ అంటారు. 1890లో దాన్ని మొదట వర్ణించిన స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్, ఏవో రసాయనాలు దానికి దారి చూపుతుండవచ్చని ఊహించాడు. అలాంటి రసాయనం ఒకటి చేతికి చిక్కడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1994లో మార్క్ టెసియే-లవీన్ బృందం పాతిక వేల దాకా కోడిపిల్లల పిండాల మెదళ్ళను పోగుచేసి, వాటి నుంచి రెండు ప్రొటీన్లను శుద్ధి చేసింది. దారి చూపేవాడు అని అర్థమిచ్చే సంస్కృత పదం ‘నేతృ’ నుంచి వాటికి నెట్రిన్లు అని పేరు పెట్టింది.

ఇక్కడినుంచి నేను చెప్పిన కథ ఇది. ఫ్లోర్ ప్లేట్ నెట్రిన్‌ను వదులుతుంది. అది వ్యాపిస్తుంది. దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మిఠాయి కొట్టు వాసన పట్టుకుని నడిచినట్టు ఆక్సాన్ అటు వస్తుంది. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని, ఈ కథ నాకు మహా ఇష్టం. డిఫ్యూజన్ సమీకరణం తెలిసినవాళ్ళకు ఆ వాలు కళ్ళకు కడుతుంది. ఇష్టం వల్లే కాబోలు, ఆ తర్వాత ఏమైందో చూసుకోలేదు.

2017లో పారిస్‌లో అలాన్ షెడోతాల్ బృందం ఎలుక పిండాల్లో ఒక్క ఫ్లోర్ ప్లేట్‌లో మాత్రమే నెట్రిన్ జన్యువును తీసేసింది. అయినా వెనుక మెదడులో ఆక్సాన్లు మధ్యరేఖను చక్కగా చేరుకున్నాయి. లాస్ ఏంజిలిస్‌లో సమాంతా బట్లర్ బృందం కూడా అదే ఏడు ఇదే దిశలో ఫలితాలు చూపింది. ఆక్సాన్లు నడిచే దారి పక్కనే ఉన్న మూలకణాలు కూడా నెట్రిన్‌ను తయారుచేసి దారంచున పూస్తున్నాయి. అంటే ఇది దూరపు వాసన కన్నా చీకట్లో గోడ తడుముకుంటూ నడవడానికి దగ్గర. 2019లో షెడోతాల్ బృందమే ఇంకో మెలిక చూపింది. వెన్నుపాములో మాత్రం రెండు చోట్ల నుంచి వచ్చే నెట్రిన్లూ కలిసి పనిచేస్తున్నాయట. వాసనా ఉంది, గోడా ఉంది.

2023లో వచ్చిన వార్త దీనికి సంబంధించినది కాదు. టెసియే-లవీన్ అప్పుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు. ఆయన పేరున్న పాత పత్రాల్లో బొమ్మలు మార్చారన్న ఆరోపణల మీద విచారణ జరిగింది. ఆయన స్వయంగా మార్చినట్టు తేలలేదు. కానీ ఆయన ప్రయోగశాలల్లో కొందరు మార్చారని, తప్పులు బయటపడ్డాక వాటిని సరిదిద్దడంలో ఆయన తగినంత చొరవ చూపలేదని సంఘం చెప్పింది. ఆయన రాజీనామా చేశాడు. 1999 నాటి ఒక పత్రాన్ని, 2001 నాటి రెండింటిని ఉపసంహరించారు. ఆ మూడూ ఆక్సాన్ కొసన నెట్రిన్‌ను అందుకునే ప్రొటీన్ల గురించినవే.

రాజీనామా పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది. 2017 దిద్దుబాటు గురించి తెలుగులో ఒక్క వాక్యం కూడా నా కంటపడలేదు. నాలాంటివాళ్ళు రాస్తేనే కదా! కనిపెట్టినప్పుడు పండగ చేసి, దిద్దుకున్నప్పుడు ఊరుకుంటే, పాఠకుడికి మిగిలేది పండగ, ఆ తర్వాత కుంభకోణం. మధ్యలో జరిగిన అసలు పని కనబడదు. ‘అంతా బూటకం’ అనిపించడంలో ఆ అమ్మాయి తప్పేముంది?

నెట్రిన్ ఒక్క ప్రయోగశాల మాట మీద నిలబడినది కాదు. 1990లోనే హెడ్జ్‌కాక్, కులోటీ, హాల్ అనే ముగ్గురు, మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో అన్‌క్-6 అనే జన్యువు చెడితే నాడులు దారి తప్పుతాయని చూపారు. తర్వాత చూస్తే అది నెట్రిన్‌కు బంధువే. నెట్రిన్‌ను అందుకునే డీసీసీ అనే ప్రొటీన్ జన్యువులో లోపముంటే మనుషుల్లో ఒక చేయి కదిపినప్పుడు రెండోదీ అద్దంలోలా కదులుతుందని 2010లో తెలిసింది. రోబో కుటుంబానికి చెందిన రోబో-3 జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిపోయి వస్తే, చూపు పక్కలకు తిరగదు, వెన్ను వంకరపోతుంది. ఈ సంగతి 2004లో బయటపడింది. అలాంటి జబ్బుల ముప్పు మేనరికాల్లో ఎక్కువ కాబట్టి మన ఇళ్ళకు ఇది మరీ దూరపు విషయం కాదు. పుణెలోని ఐసర్‌లో ఆర్నబ్ ఘోష్ బృందం, గ్రోత్ కోన్ వేళ్ళు నేలను పట్టుకోవడానికి ఫార్మిన్-2 అనే ప్రొటీన్ అవసరమని కోడి పిండాల్లోనే చూపింది. అది 2016 సంగతి.

ఇదంతా ఫోన్‌లో చెబితే ఆ అమ్మాయి తన నోట్సు ఫొటో తీసి పంపింది. అందులో ఒక బొమ్మ ఉంది. మధ్యరేఖ దాటాక రోబో వెళ్ళి డీసీసీని పట్టుకుని నెట్రిన్ ఆకర్షణను ఆపేస్తుందని బాణం గీసుకుంది. ఉపసంహరించిన 2001 పత్రాల్లో ఒకటి చెప్పింది సరిగ్గా అదే. దాటిన ఆక్సాన్‌ను స్లిట్ అనే ప్రొటీన్ రోబో ద్వారా వెనక్కి రానివ్వదన్నది గట్టి విషయమే. నెట్రిన్ మీద మోజు ఎలా తగ్గుతుందన్న ముక్కకే ఆధారం పోయింది. ఆ బాణం పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకోమన్నాను.