అమ్మకూ ఆదివారం రావాలిగా!

శనివారం రాత్రి అన్నాలు తింటూ 'రేపు చిలుకూరు పోదామా?' అన్నాను. పిల్లలు ఎగిరి గంతేశారు. మా ఆవిడ 'ఊఁ' అంది. అమ్మ మాత్రం, 'నేను రాను బిడ్డా... మీరు పోయి రాండ్రి' అంది. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. 'కారులోనే కదమ్మా' అన్నాను. 'కాళ్లకేం కాలే' అంది. మరి దేనికి రానంటున్నట్టు? జవాబు లేదు.

అసలు సంగతి తర్వాత మా ఆవిడ చెప్పింది. 'పోయినసారి బయటికి వెళ్లినప్పుడు అత్తయ్య ఎన్నింటికి లేచారో తెలుసా మీకు? నాలుగింటికి! పులిహోర, దద్దోజనం, పిల్లలకు పూరీలు, ఆలుగడ్డ కూర. నేను నాలుగున్నరకు లేచాను. మీరేమో ఏడింటికి లేచి, ఇంకా తయారవలేదా అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి మీరు టీవీ ముందు కూర్చున్నారు. మేమిద్దరం డబ్బాలు తోముకున్నాం. మీరు దాన్ని సెలవంటారు. మేం ఓవర్‌టైమ్ అంటాం!'

ఏం మాట్లాడాలో తోచలేదు. నిజమే కదా! మన ఇళ్లలో ఆదివారం అంటే మగవాళ్లకు సెలవు, పిల్లలకు ఆట. వంటింటికి మాత్రం ఆ రోజే పని ఎక్కువ. పొద్దున టిఫిన్ స్పెషల్, మధ్యాహ్నం కూర స్పెషల్. ఎటైనా వెళదామంటే ఆ వంటంతా తెల్లవారకముందే అయిపోవాలి.

అందుకే ఈసారి ఒక్కటే షరతు పెట్టుకున్నాం. పొయ్యి వెలిగించొద్దు. మంచినీళ్ల సీసాలు తప్ప ఇంట్లోంచి ఏమీ తీసుకెళ్లొద్దు. ఆ మాట మీద అమ్మ ఒప్పుకుంది. కారెక్కేటప్పుడు చూస్తే ఒళ్లో సంచి, సంచిలో కారప్పూస డబ్బా! 'పిల్లలు ఆకలంటే ఎట్ల మరి?' అంది.

రెండు చెరువుల నడుమ...

మెహిదీపట్నం నుంచి చిలుకూరు సుమారు పాతిక కిలోమీటర్లు. లంగర్‌హౌస్ మీదుగా వెళ్లి, పోలీస్ అకాడమీ దగ్గర ఔటర్ రింగురోడ్డు దాటితే చాలు, గాలి మారిపోతుంది. కాస్త అటూఇటూగా రెండు పెద్ద జలాశయాల నడుమ సాగే దారి ఇది. ఒకటి ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట. రెండోది హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, అలాంటి ముప్పు మళ్లీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల మేరకు నిజాం ప్రభుత్వం వీటిని కట్టించింది. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలిపోరన్న మాట అలా పుట్టిందే.

ఊరికి ఇంత దగ్గర్లో ఇంకా పొలాలు, పూలతోటలు, జామతోటలు ఎలా మిగిలాయి అనిపిస్తుంది కదూ! ఆ జలాశయాల కోసమే 1996లో 111 జీవో తెచ్చి, చుట్టుపక్కల 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో ఇచ్చింది. కానీ పాతికేళ్లకు పైగా కాపాడిన పచ్చదనమే ఈ రోజు మన ఆదివారాలకు ఆసరా.

చిలుకూరు బాలాజీ గుడి గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! హుండీ ఉండదు. వీఐపీ దర్శనాలుండవు. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కాగితం, పెన్ను! విదేశాలకు వెళ్లే కుర్రాళ్లు క్యూ కట్టడంతో వీసా బాలాజీ అన్న పేరూ వచ్చింది. అమ్మ మెల్లమెల్లగా 11 ప్రదక్షిణలూ పూర్తిచేసింది. ఏం కోరుకున్నావని మా చిన్నాడు ఎన్నిసార్లడిగినా చెప్పలేదు.

గుడికి దగ్గర్లోనే మృగవని జాతీయ ఉద్యానం. 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. చుక్కల దుప్పులు, నెమళ్లు పిల్లలకు చూపించొచ్చు. జంతుప్రదర్శనశాలలో లాగా బోనుల్లో ఉండవు కాబట్టి కనిపించాలంటే ఓపిక కావాలి. గోల చేయకుండా నడవాలి. మా వాళ్లకు ఆ రెండోదే కష్టమైంది!

'నువ్వు కూసో పెద్దమ్మా!'

పన్నెండున్నరకల్లా ఆకలి మొదలైంది. ఇదే దారిలో అంతకుముందోసారి ఓ పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లాం. బయట ఫౌంటెన్, లోపల చల్లటి ఏసీ. అట్ట మీద అచ్చేసిన మెనూలో నూటపాతిక రకాలు. ఆర్డరిచ్చిన గంటంపావుకు చల్లారిన రొట్టెలొచ్చాయి. పిల్లలు అప్పటికే నిద్రలోకి జారుకున్నారు. బిల్లు చూసిన అమ్మ, 'ఈ పైసలతోటి నెల సరుకులొస్తుండె' అంది. ఆ తిండి ఎవరికీ ఒంటబట్టలేదు.

ఈసారి రోడ్డు పక్కన చెట్టు కింద ఆగాం. పైన రేకులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఓ బల్ల. మూలన కట్టెల పొయ్యి. దాని ముందు కూర్చుని ఒకామె రొట్టెలు చేస్తోంది. మెనూ కార్డు లేదు. జొన్నరొట్టె, నాటుకోడి కూర, వంకాయ కూర, పప్పు, పచ్చిపులుసు. అంతే! గుడికి వెళ్లొచ్చిన రోజు అమ్మ నీసు ముట్టదు. ఆమెకు వంకాయ కూర, మాకు నాటుకోడి చెప్పాం.

పళ్లేలు రాగానే అమ్మ లేచింది. పిల్లలకు కూర వేయబోయింది. పొయ్యి ముందున్నామె అక్కణ్నుంచే కేకేసింది. 'నువ్వు కూసో పెద్దమ్మా! నేనున్న కద, ఒక్కొక్కటి గరం గరం ఏస్త. నువ్వు తిను.'

అమ్మ కూర్చుంది. పెనం మీంచి వచ్చిన మొదటి రొట్టె ఆమె పళ్లెంలోనే పడింది. పొంగి, అంచుల్లో కాస్త మాడి, పొగలు కక్కుతోంది. తుంచబోతే వేలు కాలింది. ఊదుకుంటూ తింది. అప్పుడు తట్టింది నాకు... అమ్మ వేడి రొట్టె తినగా చూసిన గుర్తే లేదు. ఇంట్లో అందరివీ అయ్యి ఆమె పళ్లెం ముందు కూర్చునేటప్పటికి పెనం చల్లారిపోయి ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆమె చేతి రొట్టెలు తిన్నాను. ఈ ఒక్కటీ గమనించలేదు!

జొన్నరొట్టె అంటే తేలికేం కాదు. గోధుమపిండిలా జొన్నపిండి సాగదు, జిగురుండదు. వేడినీళ్లతో కలిపి, అప్పటికప్పుడు మర్దించి, చేత్తో తడుతూ తిప్పుతూ పల్చన చేయాలి. పిండి కాసేపు ఆగిందా, అంచులు పగుళ్లిస్తాయి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడవాలి. చేసే మనిషికి పొయ్యి ముందు నుంచి లేచే వీలుండదు. ఆ సంగతి తెలిసిన అమ్మ ఊరుకోలేదు. 'మసిలే నీళ్లల్ల పిండి ఏస్తవా, పిండిల నీళ్లు పోస్తవా?' అనడిగింది. 'కొంత పిండి నీళ్లల్ల ఉడకపెడ్త పెద్దమ్మా. మిగిలింది పొడిపిండి కలుపుత' అంది ఆమె. ఇంక ఇద్దరూ మాటల్లో పడిపోయారు.

చివరికి అమ్మ అడిగింది. 'ఐతారం గూడ పొయ్యి కాడనే ఉంటివి. మరి నీకు సెలవెప్పుడు బిడ్డా?'

ఆమె నవ్వింది. 'మీ ఇంట్ల పొయ్యి ఆగితేనే ఈడ నా పొయ్యి అంటుకుంటది పెద్దమ్మా. నాకు సోమారం సెలవు.'

'సోమారం నాడు మీ ఇంట్ల ఎవరు వండుతరు?'

ఆమె ఈసారి జవాబు చెప్పలేదు. ఇంకో రొట్టె తట్టడం మొదలుపెట్టింది. మేం లేచేటప్పుడు అమ్మ తన కొంగుముడిలోంచి ఓ నోటు తీసి ఆమె కూతురి చేతిలో పెట్టింది.

చెట్లల్ల తీర్థం గుర్తుందా?

తిరుగు దారిలో మా ఆవిడ అడిగింది, 'పూర్వం వాళ్లు బయటికి వెళ్లేవాళ్లు కాదా అత్తయ్యా?' అని. 'ఎందుకు పోలే! చెట్లల్ల తీర్థం పోతుంటిమి కద' అంది అమ్మ.

బోనాలు అయ్యాక శ్రావణంలో వాడవాడంతా కలిసి ఊరి బయట చెట్ల కిందికి వెళ్లేవాళ్లం. మూడు రాళ్లు పేర్చి పొయ్యి పెట్టేవాళ్లు. మాంసం వండే పని మగవాళ్లది. ఇంట్లో ఏనాడూ గరిటె పట్టని నాన్న, ఆ రోజు మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని పెద్ద గంజు ముందు నిలబడేవాడు. ఉప్పు సరిపోయిందా అని అందరినీ అడిగేవాడు. ఆడవాళ్లు చెట్టు కింద చేరి నవ్వుకునేవాళ్లు. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకైతే ఇంటికో వంటకం. ఎవరికీ భారం కాదు, అందరికీ పండగే.

మరి ఎప్పుడు పోయిందీ పద్ధతి? పది ఇళ్లవాళ్లం కలిసి వెళ్లడం మానేసి, ఎవరి కారులో వాళ్లం వెళ్లడం మొదలుపెట్టాక పోయినట్టుంది. పది చేతులు చేసే పని రెండు చేతుల మీద పడింది. మనం మాత్రం పేరు మార్చి 'వీకెండ్' అనుకున్నాం.

బయట తినడం ప్రతివారం అందరికీ కుదరదు. జేబు చూసుకోవాలి. కుదరకపోతే ఇంట్లోంచి పట్టుకెళ్లడమే నయం. కానీ ఆ పని పంచుకోవచ్చుగా! పులిహోర అమ్మ కలిపితే, కూరగాయలు ముందురోజు రాత్రి నాన్న తరగొచ్చు. నీళ్లసీసాలు పిల్లలు నింపొచ్చు. ఇంటికొచ్చాక డబ్బాలు తోమే పని... ఇది చదువుతున్న అయ్యగారిదే!

గోరుతో గిచ్చి చూడండి

వానాకాలంలో ఈ దారిలో అసలు రుచి మక్క కంకి. పక్క చేలల్లోంచి తెంపుకొచ్చి, బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇస్తారు. మార్కెట్లో కొన్నదానికీ దీనికీ ఇంత తేడా ఎందుకంటారా? కంకిని తెంపిన దగ్గర్నుంచీ గింజలోని తీపి పిండిగా మారిపోతూ ఉంటుంది. ఎంత త్వరగా కాలిస్తే అంత రుచి. పైన పీచు గోధుమరంగుకు తిరిగి, గింజను గోరుతో గిచ్చితే పాలు చిమ్మాలి. అది సరైన కంకి. నీళ్లు వస్తే లేతది, ఏమీ రాకపోతే ముదిరింది. ఈ పరీక్ష అమ్మే చేసింది. ఆరు కంకులు తిరగేసి నాలుగు ఏరింది. వర్షాలు వెనకబడ్డాక సీతాఫలాలు, ఎండాకాలమైతే తాటిముంజలు. ఏ కాలానికి ఆ రుచి ఉండనే ఉంది.

తిన్న కంకిబెండు ఎక్కడ పడేశాం? మా చిన్నాడు కారు అద్దంలోంచి విసరబోయాడు. వాళ్ల నానమ్మ చెయ్యి పట్టుకుంది. 'అది చెరువుల పడితే మల్ల మన నల్లాలకే వస్తది' అంది. జలాశయాల చుట్టూ మనం వదిలేసే పేపర్ ప్లేట్లు, కవర్లు వానకు కొట్టుకుపోయి చేరేది ఆ నీళ్లలోకే. మూడు రూపాయల సంచి ఒకటి కారులో పెట్టుకుంటే పోయేదేముంది!

ఇల్లు చేరేటప్పటికి సాయంత్రం ఆరు. అమ్మ సంచిలోంచి కారప్పూస డబ్బా తీసింది. మూత తీయనేలేదు. దాన్ని అలాగే అలమరలో పెడుతూ అంది, 'వచ్చే ఐతారం యాడికి బిడ్డా?'

వెళ్లాలనుకుంటే...

* శని, ఆదివారాల్లో గుడి దగ్గర రద్దీ ఎక్కువ. పొద్దున్నే బయల్దేరితే ప్రదక్షిణలు ప్రశాంతంగా అవుతాయి. కారు లేకపోయినా దిగులక్కర్లేదు, మెహిదీపట్నం నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి.

* మృగవనికి వెళ్లేముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. తినుబండారాలు లోపలికి తీసుకెళ్లొద్దు.

* రోడ్డు పక్కన తినేటప్పుడు జనం ఎక్కువగా ఉన్న చోటే ఆగండి. కూర ఎక్కువసేపు నిలవుండదు. ధర ముందే అడగండి. నీళ్లు మనవి మనం తీసుకెళ్లడం మంచిది.

* గండిపేట కట్ట వైపు వెళితే, హెచ్ఎండీఏ 2022లో తెరిచిన పార్కు ఉంది. పెద్దవాళ్లు కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుంది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వొద్దు.

* చేవెళ్ల రోడ్డు మీద టిప్పర్ల జోరు ఎక్కువ. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని ఎన్ని ఇళ్లలో దీపాలారిపోయాయో తెలుసు. చీకటి పడకముందే తిరిగి బయల్దేరండి. ఓవర్‌టేక్‌లు వద్దు.

* అన్నిటికన్నా ముఖ్యం: 'ఎటు వెళదాం?' అని పిల్లల్ని అడిగేముందు, 'నీకు రావాలనుందా?' అని వంటింట్లోకి వెళ్లి అడగండి.