చిన్న నిర్ణయం, పెద్ద భారం

రాత్రికి ఏమి వండాలి? మేనకోడలి నికాహ్‌కు ఏ బట్టలు కట్టుకోవాలి? పిల్లవాణ్ణి ఏ ట్యూషన్‌లో చేర్చాలి? వీటిలో హలాల్, హరామ్‌ల సమస్య ఏదీ లేదు. అయినా ఇలాంటి ప్రశ్న ఎదురవగానే కొందరికి దవడలు బిగుసుకుంటాయి, భుజాలు పట్టేస్తాయి, కడుపులో తిప్పుతుంది, ఆలోచన ముందుకు సాగదు. ఇది నటన కాదు, సోమరితనమూ కాదు. ప్రమాదం ముంచుకొస్తున్నదని మనసు తలచినప్పుడు శరీరం దానిని ఎదుర్కొనడానికి సిద్ధపడుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. మరి కూర ఎంపికలో ప్రమాదమేమున్నది?

ప్రమాదం కూరలో లేదు, ఆ తర్వాత వినవలసిన మాటలో ఉన్నది. షవ్వాల్ మాసంలో మదర్సా ప్రవేశాల వేళ మా వద్దకు వచ్చే తల్లులలో ఈ భయాన్ని మేము తరచుగా చూస్తుంటాము. దరఖాస్తు చేతిలోనే ఉంటుంది, సంతకానికి చేయి రాదు. “రేపు వీడు సరిగా చదవకపోతే అందరూ నన్నే అంటారు హజ్రత్” అంటారు.

ఏ లోపమూ లేని ఎంపిక కోసం వెదికేకొద్దీ దారి ఇరుకవుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా (67–71)లో ఇస్రాయీల్ సంతతివారి ఆవు వృత్తాంతం మనకు తెలిసినదే. ఒక ఆవును జిబహ్ చేయమన్నది ఆజ్ఞ. వారు ఎలాంటిదని, ఏ రంగుదని అడుగుతూపోయారు. అడిగిన ప్రతిసారీ షరతు పెరిగింది, సులభమైన పని దుర్లభమయింది. వారిది మొండితనం, మన తల్లులది భయం. అయినా ప్రశ్నలు పెంచుకుంటే పని బరువెక్కుతుందన్న పాఠం ఇద్దరికీ వర్తిస్తుంది.

దైవప్రవక్త (సఅసం) రెండు విషయాలలో ఒకదానిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు, పాపం కానంతవరకు సులభమైన దానినే ఎంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కనుక వంట, బట్టల వంటి విషయాలలో సులభమైనది ఎంచుకుని అక్కడితో విడిచిపెట్టడం లోపం కాదు, సున్నత్‌కు దగ్గరి మార్గం. చదువు, సంబంధం, ఇంటి కొనుగోలు వంటి వాటికి తెలిసినవారితో మష్వరా చేయాలి, రెండు రకాతులు చదివి ఇస్తిఖారా దుఆ చేయాలి. కల వచ్చేదాకా ఆగనవసరం లేదు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఇస్తిఖారా హదీసులో కల ప్రస్తావనే లేదు. నిర్ణయించుకున్న పిదప అల్లాహ్‌పై భారం వేసి ముందుకు సాగాలి.

ఇక ఇంటి పెద్దలకు ఒక మాట. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు దైవప్రవక్త (సఅసం) సేవలో ఉన్నారు. ఇది ఎందుకు చేశావని గాని, అది ఎందుకు చేయలేదని గాని ఆయన ఒక్కసారి కూడా నిలదీయలేదని అనస్ (రజి) స్వయంగా చెప్పారు. మన ఇళ్లలో పది రోజులైనా అలా గడుస్తున్నాయా? “నేను అప్పుడే చెప్పాను” అన్న మాట వినిపించే ఇంట్లో ఉప్పు వేయడానికి కూడా చేయి వణుకుతుంది. ఆ మాటను మానుకోవడమే మనం చేయగల మొదటి చికిత్స.

అప్పటికీ నిద్ర పట్టకపోయినా, రోజువారీ పనులు ఆగిపోతున్నా వైద్యుని సంప్రదించాలి. అది ఈమాన్ బలహీనత కాదు.

అల్లాహ్ మన హృదయాలకు నెమ్మదిని, మన నాలుకలకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.