చవుడు దిగువరకు

1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను గొనిపోయిన కొలది దినములకు, నాగాయలంక చేరువ పల్లెలో, బిడ్డల నిద్దరిని పోగొట్టుకొన్న ఒక ఇల్లాలు, కంట తడియైన లేక, ఒండ్రులో దొరకిన సొట్టల బిందెను ఇసుకతో తోముచు కూర్చుండుట చూచితిని. "ఏడిపించండమ్మా, లేకుంటే మతి చలిస్తుంది" అని పెద్దలు గుసగుసలాడిరి. నాకు మాత్రము ఆ మొద్దుబారుట రోగముగా గాక, ఉప్పునీట మునిగిన చేను, వానలు కురిసి చవుడు దిగువరకు విత్తు నొల్లక బీడుపడియుండుట వంటిదిగా తోచినది. ఏడ్వని ఆడదానిని రాయి యందుము. మరుసటి ఏరువాకకు, ఆ బిందెతోనే నారుమడికి నీరు మోయుచు, మట్టిలో ఒక చిన్న చొక్కా గుండీ కనబడగా, ఆమె గట్టున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చినదట. పిమ్మట లేచి తక్కిన మడి తడిపినది.