భర్మార్ కొనే ముందు: కంపెనీ పేరు మూడో సవాల్



అక్టోబరు దగ్గర పడిందంటే చాలు, ఇక్కడ పెన్సిల్వేనియాలో జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ పార్కింగ్‌లో నన్ను ఎవరో ఒకరు ఆపుతారు. "భాయ్‌జాన్, జింక షికార్‌కి మజిల్‌లోడర్ కొందామనుకుంటున్నా. ఏ కంపెనీది తీసుకోమంటారు?" అడిగేవాళ్లలో మన కర్నూలు, గుంటూరు కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లందరికీ కలిపి ఒకేసారి జవాబు రాస్తున్నాను.

మజిల్‌లోడర్ అంటే కొత్త వస్తువేమీ కాదు. మన పేపర్లలో భర్మార్ అని రాస్తారే, అదే. గొట్టం మూతి నుంచి ముందు బారూద్, తర్వాత గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చేది. ఒకసారి పేలిస్తే మళ్లీ దట్టించుకోవాలి. ఇండియాలో దీనికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింక వేట నేరం. కాబట్టి ఊళ్లో ఉన్న తమ్ముళ్లు ఇది చదివి ఏ ఖయాలూ పెట్టుకోవద్దు. అమెరికాలో మాత్రం చాలా రాష్ట్రాలు వీటికోసం విడిగా సీజన్ పెట్టాయి. మా దగ్గర అక్టోబరులో ఒక వారం, ఆ తర్వాత క్రిస్మస్ దాటాక చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్‌లకు మాత్రమే ఇంకో సీజన్.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. కంపెనీ పేరు మూడో సవాల్. మొదటిది, నువ్వు నమ్మే ఆలిమ్ గుండుతో చచ్చిన షికార్ గురించి ఏమంటారు? రెండోది, ఎంత దూరంలో నీ నిశానా తప్పదు? ఈ రెండూ తేలకుండా రైఫిల్ కొనడం అంటే ఖిబ్లా చూసుకోకుండా నమాజ్‌కి నిలబడ్డట్టే.

మస్అలా ఏమిటంటే, సూరా మాయిదాలో దెబ్బ తగిలి చచ్చిన జంతువును హరామ్ అన్నారు. వెంటనే తర్వాతి ఆయత్‌లో షికార్‌కి ఇజాజత్ ఉంది. అదీ బిన్ హాతిమ్ రజియల్లాహు అన్హు వేట కర్ర గురించి అడిగితే, మొన దిగితే తినవచ్చని, అడ్డంగా తగిలి చస్తే తినవద్దని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీస్ మనకు తెలుసు. అంటే చూడవలసింది గుచ్చుకుందా, మోదిందా అని. బాణం గుచ్చుకుంటుంది, అక్కడ ఝగడా లేదు. తుపాకీ గుండు దగ్గరే ఇఖ్తిలాఫ్. మన హనఫీ ఉలమాలో ఎక్కువమంది గుండును మోదే వస్తువుగానే లెక్కపెట్టి, ప్రాణం ఉండగా జబీహా చేస్తేనే హలాల్ అంటారు. ఇమామ్ షౌకానీ లాంటివాళ్లు గుండు శరీరంలోకి దూసుకుపోతుంది గనుక బిస్మిల్లాహ్ చెప్పి పేలిస్తే జాయిజ్ అన్నారు. ఈ కాలపు కొందరు ముఫ్తీలు గుండ్రటి గుండును, మొనదేలిన గుండును వేరువేరుగా చూస్తారు.

నేను ముఫ్తీని కాను. ఫత్వా ఇవ్వను. అయితే ఈ ఇఖ్తిలాఫ్‌కి, కంపెనీల కేటలాగ్‌కి నేరుగా సంబంధం ఉంది. ఆ మాట ఎవరూ చెప్పరు.

గొట్టం లోపల గుండును తిప్పే మెలికల గాళ్లు ఉంటాయి. గుడ్డపీలికలో చుట్టి వేసే గుండ్రటి సీసం గుండుకు నెమ్మది మెలిక కావాలి, సుమారు 60 అంగుళాలకు ఒక చుట్టు. మొనదేలిన పొడవాటి గుండుకు వేగమైన మెలిక కావాలి, 28 అంగుళాలకు ఒక చుట్టు. పాత నమూనా రైఫిళ్లు ఎక్కువగా మొదటి తరహావి. 1985లో టోనీ నైట్ ఎంకే-85 తెచ్చాక చలామణీ అయిన ఇన్‌లైన్ రైఫిళ్లు రెండో తరహావి. థాంప్సన్ సెంటర్ వాళ్లు 1970లో తెచ్చిన హాకెన్‌లో 48 అంగుళాలకు ఒక చుట్టు, అంటే రెంటికీ మధ్యరకం. కాబట్టి ఏ గుండు వేస్తావో ముందు నీ ఆలిమ్‌ని అడుగు. దాన్నిబట్టే రైఫిల్.

"దొరికినప్పుడు ప్రాణం ఉంటే జబీహా చేస్తాలే భాయ్" అని తేలిగ్గా అంటారు కొందరు. సరిగ్గా గుండె, ఊపిరితిత్తుల్లో తగిలితే జింక నిమిషంలోపే పడిపోతుంది. నువ్వు చేరేసరికి ప్రాణం ఉండదు. ప్రాణం మిగలాలని కావాలనే కాలికో పొట్టకో కొట్టడం జుల్మ్. ఆ జింక రేపు అల్లాహ్ దగ్గర నీమీద ఫిర్యాదు చేస్తే ఏం జవాబు చెబుతావు? గుండుతో చచ్చింది హలాల్ కాదని నీ ఆలిమ్ అంటే మజిల్‌లోడర్‌తో షికార్‌కి వెళ్లొద్దు. పదునైన ములుకు ఉన్న బాణం తీసుకో. భర్మార్‌ను నిశానా చెక్కల మీద షౌక్‌కి ఉంచుకో. ఇందులో ఇజ్జత్‌కి వచ్చిన లోటేమీ లేదు.

నిశానా సంగతి నా తప్పుతోనే నేర్చుకున్నాను. మొదటి ఏడు అందం చూసి ఒక ఫ్లింట్‌లాక్ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, తప్పు దానిది కాదు. రేంజ్‌కి వెళ్లింది రెండే రెండుసార్లు. అస్ర్ దాటాక వంద గజాల దూరంలో ఆడజింక కనిపిస్తే ఆగలేకపోయాను. చెకుముకి రాయి కొట్టిన రవ్వ మందుకు అంటుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణంలోనే నా చెయ్యి కదిలింది. నెత్తురు చుక్కలు పట్టుకుని ఇషా దాటేదాకా టార్చ్‌తో వెతికాను. దొరకలేదు. ఇంటికి వస్తే బేగమ్ "ఏమైంది?" అంది. అబద్ధం చెప్పలేదు, అన్నం తినలేదు.

ఇక మూడో సవాల్. మొనదేలిన గుండుకు ఇజాజత్ ఉందని నమ్మి మాంసం కోసం వెళ్లేవాడికి నా ఓటు సీవీఏకి. 1971లో కనెక్టికట్‌లో మొదలైన కంపెనీ. ఇప్పుడు స్పెయిన్ వాళ్ల చేతిలో ఉంది. అక్యూరా గొట్టాలు బెర్గారాలో తయారవుతాయి. వెనక ప్లగ్ చేత్తోనే విప్పొచ్చు, అంటే కడగడం తేలిక. కడగడం ఎందుకంత ముఖ్యమంటే, నల్ల బారూద్ మసి తేమను పీల్చుకుంటుంది, ఒక్క రాత్రి బద్ధకిస్తే తుప్పు. వేడినీళ్లు, సబ్బు, ఆరబెట్టడం, నూనె. ఇంత ఖిద్మత్ చెయ్యలేనివాడు అసలు కొనొద్దు. ఈ కంపెనీకీ ఒక పాత మచ్చ ఉంది. సీరియల్ నంబరు 95, 96తో ముగిసే ఇన్‌లైన్ రైఫిళ్లను 1997లో వాళ్లే వెనక్కి పిలిచారు. సెకండ్‌హ్యాండ్‌లో అవి కనిపిస్తే ముట్టుకోవద్దు.

తక్కువ ధరలో ట్రెడిషన్స్ కూడా బాగానే పనిచేస్తుంది. అందానికి, పాతకాలపు రీతికి ఇటలీ పెడెర్సోలీ. థాంప్సన్ సెంటర్ నాకు దిల్ నుంచి ఇష్టం, కానీ 2007లో స్మిత్ అండ్ వెసన్ కొన్నది, 2021లో అమ్మకానికి పెట్టింది, 2024లో మళ్లీ చేతులు మారింది. విడిభాగాలు దొరుకుతాయో లేదో చూసుకుని కొనండి. ఇంకో మాట: వాళ్ల ఎన్‌కోర్‌కి మామూలు తూటాల గొట్టం కూడా బిగించొచ్చు గనుక ఫెడరల్ చట్టంలో అది పూర్తి తుపాకీ. నల్ల బారూద్‌కే పరిమితమైన చాలా మజిల్‌లోడర్లు ఆ లెక్కలోకి రావు. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరువేరు. వీసా మీద ఉన్న తమ్ముళ్లు వకీల్‌ని అడక్కుండా ఏదీ కొనొద్దు.

ఏ కంపెనీదైనా ఇవి తప్పవు. నల్ల బారూద్, లేదా దానికి బదులుగా అమ్మే మందు మాత్రమే. పొగరాని మందు వేస్తే గొట్టం పగిలి నీ చెయ్యి పోతుంది. ఒకసారి దట్టించాక మర్చిపోయి మళ్లీ దట్టించకూడదు, కడ్డీ మీద గీత పెట్టుకో. ఇంట్లో పిల్లలుంటే బారూద్ ఒక తాళంలో, రైఫిల్ ఇంకో తాళంలో.

భర్మార్‌లో ఉన్నది ఒక్క గుండు. అదే దాని ఖూబీ అని నాకనిపిస్తుంది. రెండో అవకాశం లేదని తెలిసినవాడు సబర్ చేస్తాడు, బిస్మిల్లాహ్ పెదవులతో కాక మనసుతో అంటాడు. నాకు ఇప్పుడు యాభై గజాలు దాటితే వేలు ట్రిగ్గర్ మీదికి పోదు. నిరుడు ఉత్త చేతులతో ఇంటికొచ్చాను, బేగమ్ పప్పుచారు వడ్డించింది. కడుపునిండా తిని అల్‌హమ్దులిల్లాహ్ అన్నాను.

వచ్చే జుమాకి మళ్లీ అడగండి. కానీ ముందు మీ ఆలిమ్ ఏమన్నారో చెప్పండి. ఆ తర్వాత కంపెనీ సంగతి మాట్లాడుకుందాం, ఇన్షా అల్లాహ్.