గుమ్మం ముందు ధర్మసందేహం

1991 అక్టోబరు 16. టెక్సస్ రాష్ట్రం కిలీన్ పట్టణంలోని ల్యూబీస్ భోజనశాల మధ్యాహ్నం వేళ జనంతో నిండి ఉంది. ఒకడు పికప్ ట్రక్కుతో అద్దాలు బద్దలుకొట్టుకుని లోపలికి దూసుకొచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. తల్లిదండ్రులతో కలిసి భోజనానికి వచ్చిన సుజానా హప్ చెయ్యి హ్యాండ్‌బ్యాగు కోసం వెతుక్కుంది. అందులో ఉండవలసిన రివాల్వర్ బయట కారులో ఉంది. ఆ రోజుల్లో టెక్సస్‌లో తుపాకీ దాచుకుని తిరగడం నేరం. కైరోప్రాక్టర్‌గా పనిచేస్తున్న ఆమె, పట్టుబడితే వృత్తి లైసెన్సు పోతుందన్న భయంతో దాన్ని కారులోనే వదిలేసి వచ్చింది. హంతకుడి మీదికి ఉరికిన తండ్రి ప్రాణం పోగొట్టుకున్నాడు. భర్త పక్కనుంచి కదలని తల్లి కూడా తూటాకు బలైంది. ఆ రోజు 23 మంది చనిపోయారు.

చట్టానికి కట్టుబడినందుకే అమ్మానాన్నలను కాపాడుకునే అవకాశం పోయిందని ఆ తర్వాత ఆమె ఎన్నో చట్టసభల ముందు సాక్ష్యం చెప్పింది. 1995లో టెక్సస్ ప్రభుత్వం లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకీ దాచుకుని తిరగవచ్చని చట్టం చేసింది. మరుసటి ఏడాది సుజానా స్వయంగా ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైంది. తుపాకుల మీద మన అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఈ కూతురి దుఃఖాన్ని పక్కకు నెట్టేసి వాదన మొదలుపెట్టే హక్కు మనకు లేదు. ‘తుపాకులు నిషేధం’ అన్న బోర్డు ముందు నిలబడి, నడుముకున్న పిస్టల్‌ను తడుముకునే మనిషి మనసులో ఆమె గొంతే వినిపిస్తుంది. అతణ్ణి దుర్మార్గుడని కొట్టిపారేస్తే మనం చెప్పే మంచిమాట అతని చెవికెక్కదు.

ఆ బోర్డు ముందు నిలబడే వాళ్లు ఇవాళ చాలామంది. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డు లేనివాళ్లు లైసెన్సు కూడా లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. 2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు, 1913 నుంచి న్యూయార్క్‌లో అమలులో ఉన్న కఠిన నిబంధనను కొట్టేసింది. ప్రత్యేకమైన అవసరం నిరూపించుకుంటేనే లైసెన్సు ఇస్తామనడం రాజ్యాంగ విరుద్ధమంది. అయితే బడులు, ప్రభుత్వ భవనాల వంటి సున్నితమైన చోట్ల నిషేధం ఉండవచ్చని అదే తీర్పు ఒప్పుకుంది. ఆ వెంటనే న్యూయార్క్ తన కొత్త చట్టంలో టైమ్స్ స్క్వేర్‌ను, సబ్‌వే రైళ్లను నిషేధిత స్థలాల్లో చేర్చింది. టెక్సస్‌లో దుకాణదారు కూడా తన తలుపు మీద ఇంగ్లిషులో, స్పానిష్‌లో, అంగుళానికి తగ్గని అక్షరాలతో బోర్డు పెట్టి తుపాకీని లోపలికి రానివ్వకపోవచ్చు. ఆ బోర్డును లెక్కచెయ్యకపోతే జరిమానా 200 డాలర్లకు మించదు. కొన్ని రాష్ట్రాల్లో అదీ లేదు, బయటికి వెళ్లమన్నాక కూడా కదలకపోతేనే తప్పు. చట్టం చెయ్యి ఇంతవరకే అందుతుంది. అక్కడి నుంచి ఆ మనిషి అంతరాత్మే చూసుకోవాలి.

ఎదుటి పక్షానికి బలమైన సాక్ష్యం ఇంకొకటుంది. 2022 జులై 17న ఇండియానా రాష్ట్రం గ్రీన్‌వుడ్‌లోని షాపింగ్ మాల్‌లో ఒకడు కాల్పులకు దిగి ముగ్గురిని చంపాడు. అక్కడే ఉన్న 22 ఏళ్ల యువకుడు తన పిస్టల్‌తో 15 సెకన్లలో అతణ్ణి నేలకూల్చాడు. ఆ మాల్ నియమాల ప్రకారం లోపలికి ఆయుధాలు తేకూడదు. ఆ యువకుడు నియమాన్ని పాటించి ఉంటే ఇంకెందరి ప్రాణాలు పోయేవో ఎవరూ చెప్పలేరు. అతనివల్ల ప్రాణాలు నిలిచాయి. ఇది ఒప్పుకోవలసిందే.

కాని మంచి ఫలితం వచ్చిన ఒక్క రోజును చూసి అందరికీ వర్తించే ధర్మాన్ని నిర్ణయించలేం. మిగతా రోజులూ చూడాలి. 2021 జూన్ 21న కొలరాడో రాష్ట్రం ఆర్వాడాలో, పోలీసు అధికారిని చంపిన దుండగుణ్ణి ఒక పౌరుడు ధైర్యంగా కాల్చి పడేశాడు. క్షణాల తర్వాత అక్కడికి చేరిన పోలీసు అతణ్ణే దుండగుడనుకుని కాల్చి చంపాడు. 2018 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ రాత్రి అలబామాలోని హూవర్ మాల్‌లో కాల్పుల కలకలం రేగింది. తుపాకీ చేతపట్టుకున్న 21 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి పోలీసులు కాల్పులు జరిపినవాడనుకుని చంపేశారు. కాల్చింది అతను కాదని తర్వాత తేలింది. 2014 డిసెంబరు చివర ఐడహో రాష్ట్రం హేడెన్‌లో ఒక యువశాస్త్రవేత్త పిల్లలతో వాల్‌మార్ట్‌కు వెళ్లింది. తుపాకీ పెట్టుకోవడానికే కుట్టిన జిప్పు అర ఉన్న హ్యాండ్‌బ్యాగు ఆమెది. ఆమె రెండేళ్ల కొడుకు ఆ జిప్పు తీశాడు. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. వీళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. మంచి మనసు ఒక్కటే తూటాను సరైన చోటికి నడిపించలేదు.

మరచిపోవడం సంగతీ చూడాలి. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీ కేంద్రాల్లో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. వాటిలో సుమారు 93 శాతం తూటాలు నింపి ఉన్నవే. పట్టుబడ్డవాళ్లు ఎక్కువగా చెప్పే సమాధానం, బ్యాగులో ఉన్న సంగతి మరచిపోయామని. దేశంలోకెల్లా కచ్చితంగా సోదా చేసే చోటుకే ఇంతమంది మరచిపోయి తుపాకీ తెస్తున్నారంటే, సోదా లేని బడికీ గుడికీ ఆసుపత్రికీ ఎందరు తెస్తున్నారో ఊహించుకోండి.

నిషేధం ఉన్న చోటుకు తుపాకీ దాచుకుని వెళ్లడంలో అసలు దోషం ఆ దాపరికంలోనే ఉందని నా నమ్మకం. తలుపు మీది బోర్డు లోపలున్న వాళ్లందరి మధ్య ఒక ఒప్పందం. దాన్ని నమ్మి ఒక తల్లి పసిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. దాన్ని గౌరవించి ఇంకొకాయన తన తుపాకీని ఇంట్లో పెట్టి వచ్చాడు. వాళ్లెవరినీ అడగకుండా, వాళ్ల ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం నేనొక్కడినే తీసుకుని చొక్కా కింద కప్పుకుంటే, అందరికీ కావలివాణ్ణని నాకు నేనే పట్టం కట్టుకున్నట్టు. ఆ పట్టం వాళ్లు ఇచ్చింది కాదు. నా గురి తప్పితే తూటా తగిలేది వాళ్లకు. నా కోపం అదుపు తప్పితే బలయ్యేది వాళ్లు.

అన్యాయమైన నియమాన్ని ధిక్కరించడం మనకు కొత్త కాదు. 1930లో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించే ముందు గాంధీజీ వైస్రాయి ఇర్విన్‌కు ఉత్తరం రాసి మరీ దండికి నడిచారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకెళ్లిన అల్లూరి సీతారామరాజు, ఏమేం తీసుకెళ్లాడో జాబితా రాసి సంతకం పెట్టి వెళ్లాడు. ఒకరిది అహింస, మరొకరిది ఆయుధం. చేసిన పనిని దాచుకోకపోవడంలో మాత్రం ఇద్దరూ ఒక్కటే. బోర్డు తప్పనిపిస్తే ఆ యజమానితో మాట్లాడండి, ఆ దుకాణానికి వెళ్లడం మానండి, సుజానా హప్ లాగా చట్టసభ గడప ఎక్కండి. ఆమె చేసింది బహిరంగ పోరాటం. లోపలివాళ్లకు తెలియకుండా తుపాకీతో అడుగుపెట్టేవాడు ఆమె పేరు చెప్పుకోవడానికి వీల్లేదు.

అయితే ఈ ధర్మం ఒక్కవైపే నడవదు. బోర్డు పెట్టిన చేతికి ఇంకా పెద్ద బాధ్యత ఉంది. నీ రక్షణ సాధనాన్ని బయట వదిలి రమ్మని మనిషికి చెప్పినప్పుడు, లోపల అతని రక్షణ భారం తనమీద వేసుకున్నట్టే. తలుపుకు కాగితం అతికించి చేతులు దులుపుకునే యాజమాన్యం తుపాకీ తెచ్చినవాడికన్నా తక్కువ దోషి కాదు. 2017 నవంబరులో టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది బలయ్యారు. 2019 డిసెంబరులో అదే రాష్ట్రంలో వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఇద్దరిని చంపిన దుండగుణ్ణి చర్చి భద్రతా బృందంలోని వ్యక్తి ఆరు సెకన్లలో ఆపాడు. అతను దొంగచాటుగా తుపాకీ తెచ్చినవాడు కాదు. సంఘానికి తెలిసి, సంఘం ఒప్పుకుని నిలబెట్టిన మనిషి, ఇతరులకు శిక్షణ ఇవ్వగలిగినంత అనుభవం ఉన్నవాడు. తేడా అక్కడుంది. అమెరికాలోని మన తెలుగువాళ్ల గుడి కమిటీలూ సాంస్కృతిక సంఘాలూ ఇది గమనించాలి. బ్రహ్మోత్సవానికో ఉగాది వేడుకకో వేలమందిని పిలిచేటప్పుడు తుపాకులు వద్దనడం మంచిదే. ఆ మాటతోపాటు శిక్షణ ఉన్న కాపలా, తాళం పడని అత్యవసర ద్వారాలు, స్థానిక పోలీసులతో ముందస్తు సమాచారం, రక్తస్రావం ఆపే సామగ్రి, అది వాడటం తెలిసిన నలుగురు ఉండాలి. అన్నదానానికి బడ్జెట్ వేసే కమిటీ ప్రాణరక్షణకు వెయ్యకపోతే ఆ బోర్డు పెట్టే అర్హత దానికి లేదు.

ఈ విషయం అమెరికాలోని తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో జాతి ద్వేషం నిండిన తూటాకు ఒక తెలుగు ఇంజినీరు బలయ్యాడు. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో మన అమ్మాయి ఒకరు. ఆ రోజు హంతకుణ్ణి ఆపింది, వేరే పని మీద అక్కడికి వచ్చి ఉన్న పోలీసు అధికారి. ఇలాంటి ప్రతి వార్త తర్వాత మన ఇళ్లలో ‘మనమూ ఒకటి కొనుక్కుందామా’ అన్న మాట వస్తోంది. ఆ భయం నిజమైనది. ఆ భయంలో ఉన్నవాళ్లు తెలుసుకోవలసిన చట్టమూ ఒకటుంది. విద్యార్థి వీసా మీదా, హెచ్-1బి మీదా ఉన్నవాళ్లు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. అయినా ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం విడిచి వెళ్లవలసి రావచ్చు.

గ్యాస్ స్టేషన్లూ కిరాణా స్టోర్లూ నడిపే మనవాళ్లకు ఒక మాట. కౌంటర్ కింద తుపాకీ పెట్టి, రాత్రి షిఫ్టుకు విద్యార్థి వీసా మీదున్న కుర్రాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, ‘అవసరమైతే తియ్యరా’ అని చెప్పడం రక్షణ కాదు. ఆ కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకుంటే నేరస్థుడవుతాడు, తియ్యకపోతే శవమవుతాడేమోనన్న భయంతో బతుకుతాడు. వాడి తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన బిడ్డను ఆ సంకటంలోకి నెట్టేవాళ్లు తమ పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెడతారా? రాత్రి ఇద్దరిని పెట్టండి. గల్లాలో డబ్బు తక్కువ ఉంచండి. తూటాలు దిగని అద్దం బిగించండి. అవన్నీ ఖర్చనిపిస్తే అర్ధరాత్రి దుకాణం మూసెయ్యండి. ఒక్క రాత్రి అమ్మకం ఏ బిడ్డ ప్రాణానికీ సమానం కాదు.

చట్టబద్ధంగా తుపాకీ ఉంచుకున్న తెలుగువాళ్లకు ఇంకొక మాట. బోర్డును గౌరవించి కారులో వదిలేస్తే సమస్య తీరిపోదు. గ్లవ్ బాక్సులోని తుపాకీ దొంగ చేతికి చిక్కితే, రేపు ఇంకో ఊళ్లో ఇంకొకరి ఛాతీకి గురిపెడతారు. పొద్దున ఇల్లు కదిలే ముందే ఆ రోజు ఎక్కడెక్కడికి వెళ్లాలో తలచుకోండి. బడి, గుడి, ఆసుపత్రి, పోస్టాఫీసు, విమానాశ్రయం ఆ దారిలో ఉంటే తుపాకీని ఇంట్లోనే సేఫ్‌లో పెట్టి తాళం వెయ్యండి. అనుకోకుండా ఆగవలసి వస్తే, కారుకు బిగించిన తాళపు పెట్టె తప్ప మరోచోట ఉంచకండి. ఇంట్లో ఉన్న తుపాకీతోనూ జాగ్రత్త అవసరం. 2021లో అమెరికాలో తుపాకీవల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్లే. ఇంట్లో ఎవరి మనసైనా కుంగి ఉందనిపిస్తే, ఆ ఇంటి తుపాకీని ఆ రోజే బయటికి పంపండి.

కిలీన్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న కూతురికి సమాజం బాకీ ఉంది. ప్రతి ఒక్కరూ తుపాకీ దాచుకుని తిరిగినంత మాత్రాన ఆ బాకీ తీరదు. నలుగురు చేరే చోటును నలుగురూ కలిసి కాపాడుకుంటే తీరుతుంది. ‘తుపాకులు వద్దు’ అని రాసిన చోటుకు నిజంగా తుపాకీ లేకుండా వెళ్దాం. అలా వచ్చినవాళ్లను కాపాడే ఏర్పాటు చెయ్యమని ఆ చోటు పెద్దలను నిలదీద్దాం. మీ గుడి కమిటీ, మీ తెలుగు సంఘం తర్వాతి సమావేశంలో ఈ రెండు మాటలూ ఎజెండాలో పెట్టించండి. వచ్చే వేడుక జరగకముందే తీర్మానం చేయించండి.