తిరిగొచ్చిన కాళ్లకు నీళ్లు

ఉగాది దగ్గరపడితే శ్రీశైలం దారులన్నీ కన్నడ భక్తులవే. బళ్లారి, రాయచూరు, బాగల్‌కోట వైపుల నుంచి గుంపులు గుంపులుగా బయలుదేరి, కర్నూలు సీమ దాటి, ఆత్మకూరు దగ్గర నల్లమల ఎక్కుతారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, ఆ తర్వాత కైలాసద్వారం. భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. పండక్కి ఆడబిడ్డను చూడ్డానికి పుట్టింటివాళ్లు చీర, పసుపుకుంకుమలు పట్టుకుని నడిచివస్తున్నారన్నమాట. కొందరు కాళ్లకు కర్రలు కట్టుకుని వాటిమీదే నడుస్తారు.

దారిలో ఊళ్లవాళ్లు వాళ్లను ఊరికే పోనివ్వరు. మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు, కూర్చోబెట్టి కాళ్లు పడతారు. మండే తారురోడ్డు మీద రోజుల తరబడి నడిచిన పాదాన్ని దగ్గరగా చూడాలి. మడమ పక్కన చర్మం తెల్లగా ఉబ్బి, కింద నీరు చేరి ఉంటుంది. వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయి ఎర్రగా పుండై ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ఆ కాలు పెట్టించి, తుడిచి, కొబ్బరినూనె రాసి, గుడ్డపీలిక చుడతారు. భాష తెలియదు, మళ్లీ కలుస్తామన్న ఆశా లేదు. తెల్లారేసరికి ఆ కాలు లేచి వెళ్లిపోతుంది. ఆ సేవను చూసినప్పుడల్లా, నడక ముగిసిన తర్వాత ఈ కాళ్లను ఎవరు పట్టించుకుంటారనే ప్రశ్న మమ్మల్ని వదలదు. ఉగాది దర్శనం కాగానే చాలామంది బస్సెక్కుతారు. రోజుల నడక ఒక్క రాత్రిలో వెనక్కి చుట్టుకుపోతుంది.

మన పెద్దల లెక్కలో గుడి దగ్గర యాత్ర సగమే అయినట్టు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న రోజుల్లో, తిరిగిరావడమే పెద్ద పండగ. వచ్చినవాడు సీలు వేసిన గంగచెంబు పీటమీద పెట్టి పూజ చేయాలి, బంధువులను, ఇరుగుపొరుగును పిలిచి కాశీ సమారాధన చేయాలి, చేతికి కాశీదారం కట్టాలి, చెంచాడు గంగ అందరి నోట్లో పోయాలి. అప్పటికి గానీ యాత్ర పూర్తయినట్టు కాదు. ఊళ్లో ఉండిపోయిన ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు, దారిఖర్చు లేనివాళ్లకు కాశీ దక్కేది ఆ పూట విస్తట్లోనే. యాత్రకు ఇంత ఉదారమైన ముగింపును మరెవరూ కల్పించలేదనిపిస్తుంది మాకు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, తిరుపతి మీదుగా మా కడపకు వచ్చి, అహోబిలం, శ్రీశైలం చూసుకుని కాశీకి వెళ్లాడు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అని వెనక వచ్చేవాళ్ల కోసం ఓపిగ్గా రాసిపెట్టాడు. ఆయన పోయాక, 1838లో, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల దాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేశాడు. వీరాస్వామయ్య మీద గౌరవం ఎంతున్నా ఒక మాట చెప్పక తప్పదు. ఆయన వెంట వంద మంది దాకా పరివారం ఉంది. సవారీ మోసిన బోయీలు ఆ దూరమంతా కాళ్లతోనే కొలిచారు. వాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఇల్లు చేరిన రోజు వాళ్ల కాళ్ల మీద నీళ్లెవరు పోశారు?

ఆ పాత పద్ధతి పూర్తిగా పోలేదు. శబరిమల వెళ్లొచ్చిన స్వాములను చూడండి. గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి గానీ లోపలికి రారు. ఇరుముడి విప్పి, అందులో మిగిలిన బియ్యం వండి వీధి వీధంతా పంచుతారు. మెడలో మాలను గురుస్వామి గానీ కన్నతల్లి గానీ తీస్తారు. కొండమీద అయ్యప్ప ఎదుట నిలబడివచ్చిన మనిషి దీక్ష, వంటింటి పొగ కమ్మిన తల్లి చేతుల్లో ముగియడం చిన్న విషయం కాదు.

రాజకీయ పాదయాత్రలు మా పులివెందుల సీమకు బాగా తెలిసినవి. 2003లో చేవెళ్లలో మొదలైన నడకా, 2017లో ఇడుపులపాయలో మొదలైన నడకా ఇచ్ఛాపురంలోనే ముగిశాయి. ముగింపుకు గుర్తుగా అక్కడ స్తూపాలు లేచాయి. స్తూపం నడిచినవాడి పేరు నిలబెడుతుంది. మంచిదే. దారిపొడవునా నీళ్లిచ్చినవాళ్ల పేర్లకు దానిమీద చోటుండదు.

నడిచొచ్చినవాళ్లకు తలుపు తీయడం పెద్దముడియానికి కొత్తకాదు. తూర్పు చాళుక్యుల శాసనాలు చెప్పే కథ ఒకటుంది. అయోధ్య నుంచి దక్షిణాదికి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చనిపోతే, గర్భిణి అయిన రాణి పురోహితుణ్ని, ముసలి మంత్రులను వెంటబెట్టుకుని ముదివేము అనే అగ్రహారం చేరింది. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నకూతురిలా కాపాడాడు. అక్కడే పుట్టిన బిడ్డకు విష్ణువర్ధనుడని పేరు పెట్టారు. కుందూ ఒడ్డున ఉన్న మన పెద్దముడియమే ఆ ముదివేమని చరిత్రకారులు చెబుతారు. చాళుక్యులు తమ వంశానికి గొప్పకోసం అల్లుకున్న కథే కావచ్చు. అయినా రాజ్యం ఏలినవాళ్లు తమ పుట్టుక చెప్పుకోవలసివచ్చినప్పుడు, ఒక పల్లెటూరి ఇంట్లో దొరికిన ఆశ్రయం పేరెత్తారు. ఆశ్రయమిచ్చిన మనిషి పేరు కూడా మరిచిపోకుండా రాగిరేకుల మీద చెక్కించారు. మేం గర్వపడేది ఆ ఒక్క పేరుకే.

అందుకే ఈ ఉగాది సంచిక నుంచి ఒక పని మొదలుపెడుతున్నాం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో శ్రీశైలానికో, తిరుమలకో, కాశీకో నడిచివచ్చిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. దేవుణ్ని ఎలా చూశారో చాలామంది అడిగే ఉంటారు, మీరు దారి గురించి అడగండి. ఏ ఊళ్లో పడుకున్నారు, సద్దిమూటలో సంగటి ముద్దకు తోడు ఎవరు ఊరిమిండి వేశారు, జ్వరం వస్తే ఎవరింటి అరుగుమీద ఆగిపోయారు, తిరిగొచ్చిన రోజు ఇంట్లో ఎవరు ఎదురొచ్చి కాళ్లు కడిగారు, సమారాధనకు ఎవరెవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు. ఆ చివరి ప్రశ్నకు మౌనం వస్తే దాన్నీ రాయండి. ఏ వీధి యాత్రికులకు ఏ వీధి నీళ్లు పోయలేదో కూడా ఈ చరిత్రలో ఉండాలి. వాళ్ల మాట వాళ్ల యాసలోనే, దిద్దకుండా పంపండి. అందినవి అందినట్టు వచ్చే సంచిక నుంచి వేస్తాం.